గేటు ఎవరు తీశారు? డిమెన్షియా ఉన్న అమ్మానాన్నలు కేర్ హోమ్ దాటి వెళ్లిపోకుండా

మధ్యాహ్నం 2 గంటలు. ఉదయం డ్యూటీ వాళ్లు సంచులు సర్దుకుంటున్నారు, రెండో డ్యూటీ వాళ్లు రిజిస్టరులో సంతకాలు పెడుతున్నారు. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, చేతిలో మడిచిన పేపరుతో ఒక పెద్దాయన నడిచొచ్చి "గేటు తియ్యి బాబూ, టైమైంది" అంటారు. గొంతులో తడబాటు లేదు. ఎవరినో చూడ్డానికి వచ్చి తిరిగి వెళ్తున్నారనుకుని వాచ్‌మన్ నమస్కారం పెట్టి మరీ గేటు తీస్తాడు. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్లు కేర్ హోమ్ దాటే తీరు చాలాసార్లు ఇంతే. గోడ దూకరు, తాళం పగలగొట్టరు. ఇంకెవరో తీసిన తలుపులోంచి నెమ్మదిగా నడిచి వెళ్తారు.

డిమెన్షియా ఉన్న ప్రతి 10 మందిలో 6గురు ఎప్పుడో ఒకప్పుడు ఇలా దారి తప్పుతారని అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ లెక్క. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. కాబట్టి ఇది ముందే ఊహించి సిద్ధపడాల్సిన విషయం. చాలా కుటుంబాలు హోమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు "తాళాలు గట్టిగా ఉన్నాయా?" అని అడిగి ఊరుకుంటాయి. తాళం చేసే పని చిన్నది, కొన్ని నిమిషాలు ఆలస్యం చేస్తుంది. ఆ నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి పలకరించకపోతే దానివల్ల ఒరిగేదేమీ లేదు. తాళం కంటే ముందు చూడాల్సింది ఆ మనిషి ఎందుకు లేచారన్నది. తాళం తర్వాత చూడాల్సింది, దాటిపోతే ఎంత త్వరగా దొరుకుతారన్నది.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. నడవడం వేరు, వెళ్లిపోవడం వేరు. వరండాలో అటూ ఇటూ పదిసార్లు తిరిగే అమ్మను కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు. ఆ నడకతోనే ఆకలి వేస్తుంది, విరేచనం సాఫీగా అవుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. ఆపాల్సింది ఒక్క గేటు దాటడాన్నే. ఈ రెండూ కలిపేసిన హోమ్‌లలోనే మనుషుల్ని కుర్చీలకు కట్టేయడం మొదలవుతుంది.

ఆ నడకకు ఒక పని ఉంటుంది

చూసేవాళ్లకు అర్థం లేని తిరుగుడులా కనిపిస్తుంది గానీ, లేచిన మనిషి మనసులో ఒక పని ఉంటుంది. అది ఏమిటో కనుక్కుంటే సగం సమస్య తలుపు దాకా రాదు.

మొదట అనుమానించాల్సింది బాత్రూమ్‌ని. ఇప్పుడు 75, 80 ఏళ్లున్న మనవాళ్లలో ఎంతోమంది పుట్టిపెరిగిన ఇళ్లలో మరుగుదొడ్డి ఇంట్లో ఉండేది కాదు. పెరటి తలుపు తీసుకుని, చెంబు పట్టుకుని బయటికి వెళ్లాలి. డిమెన్షియాలో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, చిన్ననాటివి చివరిదాకా ఉంటాయి. అందుకని మంచానికి ఆరడుగుల దూరంలో అటాచ్డ్ బాత్రూమ్ ఉన్నా, ఆ తలుపు ఆవిడకు అలమారలా కనిపిస్తుంది. కాళ్లు వెనక గుమ్మం వెతుక్కుంటూ పోతాయి. దీనికి తాళం మందు కాదు. బాత్రూమ్ తలుపు పగలు తీసే ఉంచాలి, మంచం మీద పడుకుంటే కమోడ్ కంటికి కనబడాలి. తెల్ల గోడ, తెల్ల టైల్స్, తెల్ల కమోడ్ ఉంటే చూపు మందగించినవాళ్లకు అన్నీ కలిసిపోతాయి. సీటు ముదురు నీలమో ఎరుపో పెడితే తేడా తెలుస్తుంది. రాత్రంతా లోపల చిన్న బల్బు వెలగాలి. పగలు రెండు గంటలకోసారి, అడిగే దాకా ఆగకుండా, తీసుకెళ్లాలి.

ఇక్కడే భాష అడ్డొస్తుంది. హైదరాబాద్ హోమ్‌లలో ఆయాలు, కేర్‌టేకర్లు చాలామంది ఒడిశా, జార్ఖండ్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు. హిందీ మాట్లాడతారు. ఉద్యోగం రోజుల్లో మూడు భాషలు మాట్లాడిన నాన్నగారికి ఇప్పుడు తెలుగే మిగిలి ఉంటుంది. "ఒకటికెళ్లాలి" అంటే వాళ్లకు అర్థం కాదు. అమ్మ "దొడ్డికి" అంటే అసలే తెలియదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మెమరీ కేర్‌లో (డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం నడిపే హోమ్‌లో) ఉన్న తెలుగు పెద్దవాళ్లదీ ఇదే కష్టం. ఓ పాతిక మాటలు, అంటే ఒకటికి, రెండుకి, దాహం, నొప్పి, ఆకలి, ఉక్క, చలి, ఇల్లు, పొలం, పిల్లల పేర్లు, కేర్‌టేకర్ చదవగలిగే లిపిలో రాసి మంచం పక్క గోడకు అంటించండి. ఖర్చేమీ లేదు, ప్రతి డ్యూటీలోనూ పనికొస్తుంది.

మందుల వేళలు చూడండి. బీపీకో గుండెకో ఇచ్చే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) సాయంత్రం పడుతుంటే రాత్రి మూడుసార్లు లేస్తారు, లేచిన ప్రతిసారీ దారి తప్పే అవకాశమే. దాన్ని పొద్దుటికి మార్చవచ్చా అని డాక్టరునే అడగాలి, సొంతంగా మార్చకూడదు. మలబద్ధకం, పంటి నొప్పి, మోకాళ్ల నొప్పి నోటితో చెప్పలేనప్పుడు కాళ్లతో చెప్తారు. రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా తిరుగుడు పెరిగితే ముందు మూత్ర పరీక్ష చేయించండి. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు జ్వరం కూడా రాకపోవచ్చు, అయోమయం ఒక్కటే పెరుగుతుంది.

తిరుగుడు తగ్గాలని ఇచ్చే మందే కొన్నిసార్లు తిరుగుడు పెంచుతుందన్నది చాలామందికి తెలియదు. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి మందులతో కొందరికి కాళ్లలో కుదురు లేని స్థితి వస్తుంది. కూర్చోలేరు, నిలబడలేరు, నడుస్తూనే ఉండాలనిపిస్తుంది. అది చూసి డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. మందు మొదలుపెట్టిన లేదా పెంచిన తేదీ, తిరుగుడు ఎక్కువైన తేదీ పక్కపక్కన రాసి డాక్టరుకు చూపించండి.

ఆ తర్వాత పాత జీవితం గడియారం. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారికి పొద్దున 9 కాగానే ఒంట్లో హడావిడి. కాడి కట్టిన రైతుకు తెల్లవారుజామున 4కే మెలకువ. పూజకు పూలు కోసుకొచ్చే అలవాటున్న అమ్మ స్నానం కాగానే గేటు వైపు నడుస్తుంది, ఎందుకంటే పూల మొక్క ఎప్పుడూ వీధి వైపే ఉండేది. ఆవిడకు మందారమో బంతో ఉన్న నాలుగు కుండీలు లోపలి పెరట్లో, చేతికందే ఎత్తులో పెడితే ఆ నడక అక్కడే ఆగుతుంది. గన్నేరు మాత్రం పెట్టకండి. అది విషం, తెలియకుండా నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

ఇవన్నీ ఎవరికి ఏది అన్నది రెండు వారాల చిట్టా రాస్తే గానీ తేలదు. పెద్ద ఫారమ్ అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. నమూనాకు ఒక వారం ఇలా ఉంటుందనుకుందాం:

సోమ, 4.40: చెప్పులు వెతికారు. "పిల్లలొచ్చే వేళయింది" అన్నారు. మధ్యాహ్నం అన్నం సగమే తిన్నారు.
మంగళ, 4.35: గేటు దగ్గర. కొంగున బిస్కెట్లు కట్టుకున్నారు.
బుధ: వాన. బయటికి రాలేదు. కిటికీ దగ్గరే నిలబడ్డారు, 4.30 నుంచి 5.30 దాకా.
గురు, 4.45: వాచ్‌మన్‌తో గొడవ. "మీరెవరు నన్నాపడానికి?"

నాలుగు రోజులు చదివితే చాలు. ఆ తల్లి బడి నుంచి వచ్చే పిల్లలకు ఎదురు వెళ్తోంది, చేతిలో వాళ్లకు తిండి కూడా ఉంది. గురువారం గేటు దగ్గర జరిగిన గొడవకు విరుగుడు గేటు దగ్గర లేదు. 4.15కే ఆవిడ చేతికి ప్లేట్లు, బిస్కెట్లు ఇచ్చి, హాల్లో ఉన్నవాళ్లందరికీ పంచమనాలి. రోజూ. మానకుండా. సాయంత్రం వెలుతురు తగ్గేకొద్దీ అయోమయం పెరగడం ఈ జబ్బు లక్షణం కూడా, కాబట్టి 4 గంటలకే హాల్లో లైట్లన్నీ వేసెయ్యాలి.

"ఇంటికెళ్లాలి" అన్న మాటకు "ఇదే మీ ఇల్లు" అని జవాబు చెప్పకండి. అది ఆయనకు అబద్ధం, కోపం వస్తుంది. ఆ ఇల్లు అమ్మేశామని గుర్తు చేయడం ఇంకా తప్పు. అప్పుడే మొదటిసారి విన్నట్టు ఏడుస్తారు. "వెళ్దాం నాన్నగారూ, ఎండ కాస్త చల్లారనీయండి. మజ్జిగ తాగి బయల్దేరదాం" అని, నిజంగానే లేచి, చేయి పట్టుకుని పెరట్లో రెండు చుట్లు తిప్పి తీసుకురావాలి. దారిలో ఊరి చెరువు గురించో, ఇంట్లో గేదె గురించో అడగండి. పది నిమిషాల తర్వాత ఆయన వెళ్లాలనుకున్న చోటు కంటే మీ చేయి పట్టుకోవడమే ముఖ్యమవుతుంది.

తలుపు, తాళం, కరెంటు

కొత్తగా కట్టిన హోమ్‌లలో ఎక్కువగా కనిపించేది మాగ్నెటిక్ లాక్. 12 వోల్టుల కరెంటుతో పనిచేస్తుంది, మామూలు సైజుది 270 కిలోల పైచిలుకు బలంతో పట్టి ఉంచుతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన గుణం ఒకటే: కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుంది. మంటలు వచ్చినప్పుడు లోపలివాళ్లు చిక్కుకుపోకుండా అలా తయారుచేస్తారు, అది సరైనదే. కానీ కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా ఉన్న కొన్ని క్షణాలు కూడా తలుపు తెరిచే ఉంటుంది. చీకటి, ఉక్క, అయోమయం కూడా సరిగ్గా అప్పుడే. అందుకని లాక్‌కు విడిగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉండాలి. లాక్ లాగేది సుమారు అర ఆంపియర్ కాబట్టి కొత్త బ్యాటరీ 10 గంటలైనా నిలవాలి. రెండు మూడేళ్ల పాతదైతే గంట కూడా నిలవకపోవచ్చు. హోమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు "ఒక్కసారి మెయిన్ ఆపి చూపించండి" అని అడగండి. ఫైర్ అలారం మోగితే లాక్ దానంతటదే వదలాలి, అదీ అడగండి.

ఇక రెండో పొరపాటు. లోపలి వైపు తలుపు పక్కనే, నడుము ఎత్తులో, ఆకుపచ్చ బటన్ పెడతారు. నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఆఫీసులకు సరిపోయే ఏర్పాటును అలాగే తెచ్చి డిమెన్షియా వార్డులో పెడితే, వచ్చీపోయేవాళ్లను వారం రోజులు గమనించిన పెద్దాయన తానూ నొక్కుతారు. కార్డో నంబరో వాడాలి. నంబరు మూడు నెలలకోసారైనా మార్చాలి, లేదంటే అరిగిపోయిన నాలుగు అంకెలే జవాబు చెప్పేస్తాయి.

పాత ఇళ్లను హోమ్‌లుగా మార్చినచోట రాత్రిపూట ఇనప గ్రిల్‌కు తాళం వేసి, తాళంచెవి నడుముకు చెక్కుకుని ఆయా పడుకుంటుంది. బయటికి వెళ్లే తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. వంటింట్లో గ్యాస్ అంటుకున్న రాత్రి ఆ ఒక్క తాళంచెవి మీద ఇరవై ప్రాణాలు ఆధారపడతాయి. వెళ్లిపోతారన్న భయంతో పెట్టిన తాళం అంతకంటే పెద్ద ప్రమాదం కాకూడదు. అలాంటి చోట మీ వాళ్లను ఉంచకండి.

తలుపు తెరిస్తే మోగే అయస్కాంతం సెన్సర్ చవకైనది, నిజంగా ఉపయోగపడేది. చెడిపోయేది ఒక్కచోటే. వానాకాలం చెక్క తలుపు ఉబ్బి చట్రంలో సరిగ్గా కూర్చోదు, అయస్కాంతానికీ స్విచ్చికీ మధ్య సందు 2 సెంటీమీటర్లు దాటుతుంది, అది ఊరికే మోగుతూ ఉంటుంది. మూడో రోజున ఎవరో బ్యాటరీ తీసేస్తారు. నెలనెలా మొదటి తారీఖున ప్రతి తలుపూ తీసి మోగుతుందా, ఆ మోత వంటింట్లో కుక్కర్ విజిళ్ల మధ్య వినిపిస్తుందా, మనిషి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి రాసుకోవాలి. 30 సెకన్లు దాటితే ఆ అలారం ఉన్నా లేనట్టే.

తలుపును కనబడకుండా చేయడమనే పద్ధతి కూడా ఉంది: గోడ రంగే వేయడం, గడియను గుడ్డతో కప్పడం, పుస్తకాల అరలాంటి బొమ్మ అతికించడం. కొందరి విషయంలో పనిచేస్తుంది. దీని మీద కొక్రేన్ (వైద్య పరిశోధనలను వడపోసి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష నమ్మదగిన పరీక్షల కోసం వెతికి, ఆధారం చాలదని తేల్చింది. ప్రయత్నించండి, దాని మీదే ఆధారపడకండి. గుమ్మం ముందు నల్ల చాప వేయడం మాత్రం వద్దు. అది గొయ్యిలా కనిపించి వెనక్కి తగ్గుతారన్నది ఆలోచన. దాన్ని దాటబోయి పడి తుంటి విరిగితే ఆ మనిషి మళ్లీ నడవకపోవచ్చు. మనవాళ్ల కళ్లకు తోరణం కట్టిన గుమ్మమే ఇంటి గుమ్మం. బయటి తలుపును బోసిగా వదిలి, పెరట్లోకి వెళ్లే తలుపుకు తోరణం కట్టి, పక్కన కుర్చీ వేయండి. కాళ్లు అటే వెళ్తాయి. ఆ పెరట్లో బాట గుండ్రంగా తిరిగి మొదలైనచోటికే రావాలి, మూసిన గేటు ముందు ఆగిపోకూడదు. గేటు ముందు ఆగితే గేటు ఊపడం మొదలవుతుంది.

మేడ మీదికి వెళ్లే దారి చాలామంది మరిచిపోతారు. బట్టలు ఆరేసి వచ్చిన మనిషి తలుపు వేయకపోతే, పిట్టగోడ రెండున్నర అడుగులే ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సంప్ మూతకు తాళం ఉండాలి. ప్రహరీ ఆరడుగులున్నా, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ గానీ పెద్ద కుండీ గానీ ఉంటే అది మూడడుగుల గోడే.

గేటు దగ్గర మనిషి

ప్రమాదం ఎక్కువగా ఉండే వేళలు ఎవరైనా చెప్పగలరు: డ్యూటీ మారేటప్పుడు, భోజనాల హడావిడిలో, ఆదివారం చుట్టాలు వచ్చినప్పుడు, పాల వ్యాను, గ్యాస్ బండి వచ్చి గేటు బార్లా తీసి ఉన్నప్పుడు. అన్నిటికంటే ముఖ్యమైనది చేరిన మొదటి రెండు వారాలు. ఆయనకు ఆ చోటు కొత్త, వాచ్‌మన్‌కు ఆయన ముఖం కొత్త.

డ్యూటీ మారే వేళకు ఇంకో చిక్కుంది. పదిమంది బ్యాగులు తగిలించుకుని, చెప్పులు వేసుకుని, "వెళ్లొస్తాం తాతయ్యా" అంటూ ఆయన కళ్లముందే వెళ్తారు. అందరూ వెళ్తుంటే తానూ బయల్దేరాలనే ఎవరికైనా అనిపిస్తుంది. సిబ్బంది బ్యాగులు హాల్లో కనబడకూడదు, వీలైతే వాళ్లు వెళ్లే తలుపు వేరే ఉండాలి. గొడుగు, చేతికర్ర, చెప్పుల స్టాండు బయటి తలుపు పక్కన పెట్టడం కూడా "బయల్దేరండి" అని చెప్పడమే.

వాచ్‌మన్ క్యాబిన్ లోపల, వచ్చేపోయేవాళ్లకు కనబడని వైపు, బయటికి పంపకూడనివాళ్ల ఫొటోలు ఉండాలి. పెళ్లినాటివి, పదవీ విరమణనాటివి కాకుండా ఇప్పటివి. ఇంతకంటే పనికొచ్చేది రోజూ తీసే ఫొటో. పొద్దున స్నానం, టిఫిన్ అయ్యాక, ఆ రోజు బట్టల్లో నిలువెత్తు ఫొటో తీసి సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మనిషికి పది సెకన్ల పని. సాయంత్రం ఆయన కనబడకపోతే "తెల్ల చొక్కానా, గళ్ల చొక్కానా" అని తలలు పట్టుకోనవసరం లేదు, పోలీసులకూ అదే ఫొటో పంపవచ్చు. బట్టలు మారిస్తే మళ్లీ తీయాలి.

డ్యూటీ అప్పగించేటప్పుడు "అందరూ ఉన్నారు" అన్న నోటిమాట చెల్లదు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఇద్దరూ కలిసి ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి ముఖం చూసి టిక్కు పెట్టాలి. దుప్పటి కప్పుకున్న దిండును మనిషనుకున్న సందర్భాలు ఇక్కడే పుడతాయి. రెండు గేట్లు ఉంటే ఒకటి మూసుకున్నాకే రెండోది తీయాలి. చుట్టాలకు వెళ్లేటప్పుడు తిరిగిచ్చే రంగు కార్డు ఇవ్వాలి, కార్డు లేనివారికి గేటు తీయకూడదు. ఈ ఒక్క నియమం ఉంటే మొదట్లో చెప్పిన పెద్దాయన గేటు దాటరు. సీసీ కెమెరాలు ఎన్ని ఉన్నా, తెర ముందు మనిషి లేకపోతే అవి ఎలా వెళ్లారో తర్వాత చెప్తాయంతే.

వీటికి మనుషులు కావాలి, జీతాలు కావాలి. అందుకే కొన్నిచోట్ల కట్టెయ్యడం, మత్తివ్వడం అనే దగ్గరి దారి తొక్కుతారు. చున్నీతో కుర్చీకి కట్టిన మనిషి కుర్చీతో సహా పడతారు. మంచానికి కమ్మీలు పెడితే వాటి మీదుగా ఎక్కి, ఇంకా ఎత్తు నుంచి పడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, దాని కిందికి వచ్చే సంస్థల్లో, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, కారణం రాసిపెట్టి మాత్రమే కట్టడానికి ఒప్పుకుంటుంది. సిబ్బంది చాలక కట్టామంటే చెల్లదు. మత్తు మందుల సంగతి: డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు (పైన చెప్పిన రిస్పెరిడోన్ లాంటివి) మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది, 2008లో పాత తరం మందులకూ అదే హెచ్చరిక పెట్టింది. తప్పనిసరైతే డాక్టరు రాస్తారు, అది వేరు. మీ అమ్మగారు మీరు వెళ్లిన ప్రతి మధ్యాహ్నం మగతగా ఉంటే ఏ మందు, ఎవరు రాశారు, ఎంత కాలానికి అని అడిగే హక్కు మీకుంది.

ఒంటిమీద ఉండే గుర్తు

జీపీఎస్ వాచీ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండే కుటుంబాలు ఎక్కువ. అది గేటు దాటకుండా ఆపదు, దాటాక వెతకడానికి ఉపయోగపడుతుంది, అదీ చార్జింగు ఉంటే, సిమ్ రీచార్జి ఉంటే, సిగ్నల్ ఉంటే. పది నిమిషాలకోసారి స్థానం పంపేలా పెట్టి ఉంటే, గంటకు 4 కిలోమీటర్ల నడకతో ఆలోగా మనిషి 650 మీటర్లు దాటిపోతారు. రెండు నిమిషాలకు మారిస్తే బ్యాటరీ రోజు కూడా రాకపోవచ్చు. తిరుగుడు ఎక్కువుండే వేళల్లో తరచుగా, రాత్రి తక్కువగా పంపేలా పెట్టుకోవడం మేలు. రోజూ స్నానం వేళ చార్జింగ్ పెట్టడం ఒకరి బాధ్యతగా రాసి ఉండాలి. బూటు అడుగున పెట్టే ట్రాకర్లు విదేశాల్లో అమ్ముతారు. మనవాళ్లు చెప్పులు గుమ్మం బయట విడిచి వట్టికాళ్లతో నడిచే మనుషులు, వాటితో ఇక్కడ ఉపయోగం లేదు. యాపిల్ ఎయిర్‌ట్యాగ్ లాంటి చిన్న ట్రాకర్ బిళ్లలు చుట్టుపక్కల ఐఫోన్లు ఉంటేనే స్థానం చెప్తాయి. ఊరి చివర పొలాల్లో ఉన్న హోమ్‌కు వాటిని నమ్ముకోలేం.

కరెంటు అక్కర్లేని గుర్తు తప్పకుండా ఉండాలి. స్టీలు కడియం మీదో, మొలతాడుకు కట్టిన బిళ్ల మీదో రెండు ఫోను నంబర్లు, "జ్ఞాపకశక్తి సమస్య ఉంది, దయచేసి ఫోన్ చేయండి" అన్న మాట తెలుగులో చెక్కించండి. మొలతాడు ఎప్పటినుంచో ఉన్నది కాబట్టి ఆయన తీసెయ్యరు. కొత్త వాచీని పది నిమిషాల్లో విప్పేస్తారు. అమ్మగారికైతే లంగా నడుము పట్టీ లోపల, జాకెట్టు లోపల గుడ్డముక్క మీద చెరగని ఇంకుతో నంబరు రాసి కుట్టాలి, ప్రతి జతకూ. క్యూఆర్ కోడ్ ఒక్కటే ఉన్న బిళ్ల వద్దు. టీ కొట్టు అబ్బాయి నంబరు చూస్తే ఫోన్ చేస్తాడు, కోడ్ స్కాన్ చేయాలని అతనికి తట్టకపోవచ్చు. బంగారం మాత్రం ఒంటిమీద ఉంచకండి.

కనబడకపోతే

మొదటి 5 నిమిషాలు లోపలే వెతకాలి, కానీ ఒక మనిషి ఆ క్షణమే గేటు బయటికి వెళ్లి రోడ్డుకు రెండు వైపులా చూడాలి, ఇంకొకరు కెమెరా రికార్డింగ్ వెనక్కి తిప్పాలి. లోపల వెతకడమంటే బాత్రూములు, వేరేవాళ్ల మంచాలు, మంచాల కింద, స్టోరు గది, మేడ, సంప్, ఆగి ఉన్న అంబులెన్స్ లేదా కారు లోపల. 15 నిమిషాలకు మనిషి దొరక్కపోతే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసి, ఇంటివాళ్లకు చెప్పాలి. "24 గంటలు ఆగాక కంప్లైంట్ ఇవ్వాలి" అన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ అలాంటి నియమం లేదు. 24 గంటల్లో దొరకనివాళ్లలో సగం మంది దాకా తీవ్రంగా గాయపడే లేదా చనిపోయే ముప్పుందని అల్జీమర్స్ అసోసియేషన్ హెచ్చరిస్తుంది. మే నెల ఎండలో అంత గడువు కూడా ఉండదు, వడదెబ్బకు రెండు మూడు గంటలు చాలు. హోమ్ పరువు పోతుందని గంటసేపు దాచిపెట్టే యాజమాన్యాలు ఉన్నాయి. చేర్చేటప్పుడే "15 నిమిషాల్లో మాకూ పోలీసులకూ చెప్పాలి" అన్న వాక్యం ఒప్పందంలో రాయించుకోండి.

ఎక్కడ వెతకాలి? తప్పిపోయినవాళ్ల నడకను ఏళ్ల తరబడి లెక్కగట్టిన అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ కోస్టర్ గమనించింది ఏమిటంటే, డిమెన్షియా ఉన్నవాళ్లు ఎక్కడైనా ఇరుక్కుపోయేదాకా నడుస్తూనే ఉంటారు. తుప్పల్లో, కాలవలో, కంచెలో చిక్కుకుంటారు. చాలామంది సహాయం కోసం అరవరు, పేరు పెట్టి పిలిచినా పలకరు. కాబట్టి కేకలు వేస్తూ బండి మీద వెళ్లిపోతే పదడుగుల దూరంలో ఉన్న మనిషిని దాటిపోతారు. ఎక్కువమంది దగ్గర్లోనే ఉంటారు కాబట్టి ముందు హోమ్ చుట్టూ కిలోమీటరు దాకా కాలినడకన చూడాలి: ఖాళీ ప్లాట్లలో తుమ్మ పొదలు, నాలా, చెరువు గట్టు, కడుతున్న ఇళ్లు, గుడి, బస్టాపు. అదే సమయంలో ఒకరు పాత ఇంటికి, ఒకరు పాత ఆఫీసుకు, ఒకరు దగ్గరి బస్ స్టేషన్‌కు వెళ్లాలి. బస్సెక్కి ఉంటే ఈ కిలోమీటరు లెక్క పనికిరాదు, డిపోలకు ఫొటో పంపాలి.

ఈ సమాచారమంతా గాభరాలో గుర్తురాదు. బ్రిటన్‌లో హెర్బర్ట్ ప్రోటోకాల్ అని ఒక పద్ధతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ (ఫ్రాన్స్) పోరులో పాల్గొని, తర్వాత డిమెన్షియాతో బతికిన జార్జ్ హెర్బర్ట్ పేరు మీద వచ్చింది. తప్పిపోకముందే ఒక ఫారమ్ నింపి ఉంచుకోవడం, అంతే. మనం తెల్లకాగితం మీద రాసుకోవచ్చు: ఇప్పటి ఫొటో, ఎత్తు, పుట్టుమచ్చలు, పలికే ముద్దుపేరు, మాట్లాడే భాష, గతంలో ఉన్న ఇళ్ల చిరునామాలు, పనిచేసిన చోట్లు, వెళ్లే గుడి, ఇంతకుముందు దొరికిన చోట్లు, వాడే మందులు, రక్తం పలచబరిచే మాత్ర ఉందా, ఎవరికి భయపడతారు, ఏం చెప్తే వెంట వస్తారు. ఒక ప్రతి హోమ్‌లో, ఒకటి మీ ఫోనులో, ఒకటి హోమ్‌కు అరగంట దూరంలో ఉండే బంధువు దగ్గర ఉండాలి. పిల్లలు అమెరికాలో ఉంటే ఆ మూడోది మరీ ముఖ్యం. ఇక్కడ మధ్యాహ్నం 2 అయితే డాలస్‌లో తెల్లవారుజామున రెండున్నరో మూడున్నరో. మీ ఫోను సైలెంట్‌లో ఉంటుంది. పోలీసులతో మాట్లాడే అధికారం ఆ బావకో పిన్నికో ఉందని హోమ్‌కు రాతపూర్వకంగా ముందే ఇవ్వండి. సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్ 14567 నంబరు కూడా అదే కాగితం మీద రాయండి.

దొరికాక "ఎక్కడికి పోయావు?" అని గద్దించకండి. ఆయనకు తెలియదు, కానీ ఆ గద్దింపు వల్ల వచ్చిన భయం సాయంత్రం దాకా ఉంటుంది, ఆ భయంతోనే మళ్లీ లేస్తారు. ముందు కూర్చోబెట్టి కొద్దికొద్దిగా నీళ్లు పట్టండి. అరికాళ్లు చూడండి, తారు రోడ్డు మీద బొబ్బలెక్కి ఉంటాయి. తల మీద చేత్తో తడిమి చూడండి. రక్తం పలచబరిచే మందు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా ఆస్పత్రికి తీసుకెళ్లి స్కాన్ అవసరమా అని అడగాలి. మగతగా ఉన్నా, ఒళ్లు కాలుతున్నా ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి.

ఆ రాత్రే, అందరికీ గుర్తుండగానే, నోటుబుక్కు తీసి రాయండి. ఏ తలుపు, ఎన్ని గంటలకు, ఎవరు తీశారు, అంతకుముందు అరగంట ఆయన ఏం చేస్తున్నారు, ఏమన్నారు, ఏం తిన్నారు, ఎటు నడిచారు, ఎక్కడ దొరికారు. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయాలని కాదు. వాచ్‌మన్‌ను మార్చేస్తే కొత్తగా వచ్చినవాడికి ఆయన ముఖం మళ్లీ తెలియదు. రేపు అదే వేళకు ఆయన అదే తలుపు దగ్గరికి వస్తారు. అప్పుడు ఒక మనిషి మజ్జిగ గ్లాసుతో అక్కడ నిలబడి ఉండాలి.